బాత్రూం యాసిడ్, గరివిడి రాయి, నా చేపల తొట్టి

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళి వస్తూ ఒక సంచీ నిండా రాళ్ళు మోసుకొచ్చాను. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. అందరూ అరిసెలు, పోకుండలు తెచ్చుకుంటారు, నేను రాళ్ళు. సంచీ ఎత్తి చూసిన మా మామ్మ "ఏటిరా ఇది? అయిద్రాబాదులో రాళ్ళు లేవేటి? కంపూటరు ఉజ్జోగమన్నావు, రాళ్ళు కొట్టే పనేటి?" అంది. చేపల తొట్టిలో పెడతానంటే ఇంకా విచిత్రంగా చూసింది. చేపంటే పులుసు అని మా మామ్మ నమ్మకం. తప్పేం లేదు.

ఫ్లాట్లో నాకు రెండడుగుల తొట్టి ఒకటి ఉంది. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, దాదాపు యాభై లీటర్లు పడుతుంది. షాపుల్లో అమ్మే నీలం, గులాబీ రంగు గులకరాళ్ళు చూస్తే నాకు పెళ్ళి స్టేజీ గుర్తొస్తుంది. అందుకే మన ఊరి రాళ్ళే పెడదామని నాలుగు రకాలు ఏరుకొచ్చా. చంపావతి ఏటిలో నున్నటి గులకరాళ్ళు కొన్ని. కొండవార దొరికిన ఎర్రటి చారల రాయి ఒకటి. అనంతగిరి రోడ్డు పక్కన ఎప్పుడో ఏరి ఇంట్లో పడేసిన తెల్లరాయి ఒకటి. నాలుగోది మా తాతయ్యది. నల్లగా, ఇనుములా మెరిసే రాయి, రెండు పిడికిళ్ళంత ఉంటుంది, తూస్తే మూడు కిలోలకి కాస్త తక్కువ. గరివిడి వైపు మాంగనీసు గనుల్లో పనిచేసే రోజుల్లో ఆయన తెచ్చింది. నాకు జ్ఞానం వచ్చినప్పట్నించీ వీధి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టే రాయి అదే. తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. తొట్టి మధ్యలో ఆయన రాయి, చుట్టూ చేపలు అన్నది నా ఊహ.

తొట్టిలో పెట్టేముందు రాయి మీద యాసిడ్ చుక్క వేసి చూడాలని ఎక్కడో చదివా. బుడగలొస్తే సున్నపురాయి, రాకపోతే పర్లేదు. వెనిగర్‌తో సరిగ్గా తెలీదు, గట్టి యాసిడ్ అయితే మంచిదని కూడా ఉంది. బాత్రూంలో ఫ్లోరు కడిగే యాసిడ్ సీసా ఉందిగా! తలుపు దగ్గరగా వేసి, తాతయ్య రాయి మీద నాలుగు చుక్కలు పోశా. బుడగలు పెద్దగా రాలేదు. పాస్ అనుకుంటుండగా ముక్కు మంట, దగ్గు, మునిసిపాలిటీ కుళాయి నీళ్ళ వాసన. వాసన అనడం తక్కువ మాటే. రాయి అక్కడే వదిలేసి బయటికి పరిగెత్తా. కిటికీ తీసి, ఎగ్జాస్టు ఫ్యాను వేసి, గంటసేపు బాల్కనీలో కూర్చుని, ఫోన్లో ఆ వాసన సంగతి వెతకడం మొదలెట్టా. అది వెతుకుతూ 1774 దాకా వెళ్ళిపోయా.

ఆ యేడు స్వీడన్‌లో కార్ల్ విల్‌హెల్మ్ షీలె అనే మందులాయన (ఫార్మసిస్టు అన్నమాట) సరిగ్గా నేను చేసిన పనే చేశాడు. నల్లటి మాంగనీసు ఖనిజం మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోశాడు. పసుపు పచ్చటి ఆవిరి వచ్చింది. ఊపిరాడనివ్వలేదు, ఆకుల రంగూ పూల రంగూ పోగొట్టింది. అదే క్లోరిన్. లోకానికి క్లోరిన్ తెలిసింది ఆ నల్లరాయి మీద పోసిన యాసిడ్ వల్లే. మన బాత్రూం యాసిడ్ కూడా హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. అంటే నేను రెండొందల యాభై ఏళ్ళు ఆలస్యంగా, కిటికీ లేకుండా, షీలె ప్రయోగాన్ని రిపీట్ చేశానన్నమాట :) నాలుగు చుక్కలే కాబట్టి నవ్వుతున్నా. మగ్గుడు పోసుంటే ఇది రాయడానికి ఉండేవాణ్ణి కాదేమో.

కథ అక్కడితో ఆగలేదు. ఆ ఆవిరికి బట్టని తెల్లబరిచే గుణం ఉందని తెలిశాక అది వ్యాపారమైంది. 1799లో గ్లాస్గోకి చెందిన చార్లెస్ టెనంట్ క్లోరిన్‌ని సున్నంలో బంధించి బ్లీచింగ్ పౌడర్‌కి పేటెంటు తీసుకున్నాడు. క్లోరిన్ కావాలంటే మాంగనీసు ఖనిజం కావాలి, దాన్ని మెత్తగా పొడి చెయ్యాలి. ఆ పొడి చేసే కూలీల గురించే 1837లో గ్లాస్గో డాక్టరు కూపర్ రాశాడు. అయిదుగురు మనుషులు. కాళ్ళలో సత్తువ పోయి తూలుతూ నడుస్తున్నారు, గొంతు గుసగుసగా మారిపోయింది, నోట్లోంచి చొంగ కారుతోంది. మాంగనీసు దుమ్ము పీలిస్తే మెదడుకి ఏమవుతుందో వైద్య చరిత్రలో మొదటిసారి రాసింది ఆయనే. పార్కిన్సన్ లాంటి జబ్బు. ఇప్పుడు దీన్ని మాంగనిజం అంటారు.

ఇది చదివాక ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. తాతయ్యకి ఆ జబ్బు వచ్చిందని నేను అనడం లేదు, ఆయన చివరిదాకా సైకిల్ తొక్కాడు. కానీ చిన్నప్పుడు ఆయన చొక్కా ఉతికితే మామ్మ బకెట్లో నీళ్ళు నల్లగా అయ్యేవని మా నాన్న చెప్పిన మాట గుర్తొచ్చింది.

ఇంతకీ ఆ నల్లరాయి మన జిల్లాలోంచి బయటికెప్పుడు వెళ్ళింది? భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే విజయనగరం దగ్గర. అప్పటికి ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా, విజయనగరం సంస్థానం. 1892లో తీసింది 674 టన్నులు. 1900 వచ్చేసరికి అది 92 వేల టన్నులు దాటింది. ఎనిమిదేళ్ళలో నూట ముప్ఫై రెట్లకి పైన! అప్పటికి క్లోరిన్ కోసం కాదు, ఉక్కు కోసం. ఉక్కులో మాంగనీసు కలపకపోతే అది పెళుసుగా విరిగిపోతుంది. మన దగ్గర ఉక్కు కొలుములు లేవు కాబట్టి రాయి రాయిగానే ఓడెక్కింది. తర్వాత నాగపూరు, బాలాఘాట్ వైపు ఇంకా మంచి ఖనిజం దొరికి మనవాళ్ళు వెనకబడ్డారు. ఆ మధ్య పరగణాల ఖనిజాన్ని సముద్రానికి చేర్చడానికే రాయపూర్ నించి విజయనగరానికి రైలు మార్గం, విశాఖలో 1933లో తెరిచిన రేవు కట్టారు. వైజాగ్ అనగానే మనకి ఉక్కు ఫ్యాక్టరీ, బీచీ గుర్తొస్తాయి గానీ, ఆ రేవు పుట్టింది మాంగనీసు కోసం.

మన గనులన్నీ తిరిగి చూసినవాడు జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన లూయిస్ లీ ఫెర్మర్. భారతదేశపు మాంగనీసు ఖనిజాల మీద ఆయన 1909లో వెయ్యి పేజీలకి పైగా పుస్తకం వేశాడు. గర్భాం, గరివిడి, కోడూరు గనులన్నీ అందులో ఉన్నాయి. కోడూరు గనిలో చూసిన ఒక వింత రాతికి ఆయన పెట్టిన పేరు కోడూరైట్. పొటాష్ ఫెల్డ్‌స్పార్, మాంగనీసు ఉన్న గార్నెట్, ఎపటైట్ కలిసిన రాయి. అది ఎలా పుట్టిందన్న దాని మీద తర్వాతివాళ్ళు ఆయనతో ఒప్పుకోలేదు, కానీ పేరు మాత్రం నిలిచిపోయింది. మన బస్సు ఆగని ఊరి పేరు ప్రపంచం మొత్తం జియాలజీ నిఘంటువుల్లో ఉంది. పదో తరగతి దాకా అక్కడే చదివిన నాకు ఒక్క మాస్టారూ చెప్పలేదు. బహుశా వాళ్ళకీ ఎవరూ చెప్పి ఉండరు.

ఎపటైట్ అంటే ఫాస్ఫేటు. మన వైపు మాంగనీసులో ఫాస్ఫరస్ ఎక్కువని ఉక్కువాళ్ళు పెదవి విరిచేది దీనివల్లే. చేపల తొట్టిలో ఫాస్ఫేటు పెరిగితే నాచు పెరుగుతుంది. ఉక్కువాడి ఫిర్యాదు చేపలవాడికి కూడా పనికొచ్చింది, చూశారా.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. నల్లరాయి నీళ్ళలో పడగానే విషమైపోదు. మాంగనీస్ డయాక్సైడ్ మామూలు నీళ్ళలో దాదాపు కరగదు. నీళ్ళలో ఇనుము తీసెయ్యడానికి వాడే ఫిల్టర్లలో దాన్నే వాడతారు కూడా. అసలు చిక్కు తొట్టి అడుగున. ఇసకలో రెట్ట, మిగిలిన మేత కుళ్ళి ఆక్సిజన్ అయిపోయిన చోట కొన్ని బాక్టీరియాలు ఆక్సిజన్‌కి బదులు మాంగనీస్ డయాక్సైడ్‌ని వాడుకుని బతుకుతాయి. అప్పుడది కరిగే రూపంలోకి మారుతుంది. పైగా గనిలోంచి వచ్చిన రాయిలో మాంగనీసు ఒక్కటే ఉండదు, ఇంకేమేం ఉన్నాయో నాకు తెలీదు. ఆ రాయి యాసిడ్ టెస్టు పాసైన సంగతి గుర్తుందిగా? టెస్టు కేసు ఒక్కటే రాసి, అది పాసయింది కదా అని రిలీజ్ చేస్తే ఏమవుతుందో మన వృత్తిలో అందరికీ తెలుసు.

నల్లరాయికి వేరే టెస్టు ఉంది. మందుల షాపులో పుండ్లు కడగడానికి అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క వెయ్యండి. మాంగనీస్ డయాక్సైడ్ అయితే బుస్సుమని నురగొస్తుంది. వచ్చేది ఆక్సిజన్, భయం లేదు. అంతకన్నా సులువుది చేత్తో ఎత్తి చూడటం. అదే సైజు గ్రానైటు రాయితో పోలిస్తే మాంగనీసు దాదాపు ఒకటిన్నర రెట్లు బరువుంటుంది. సైజుకి మించిన బరువున్న రాయి, లోహంలా మెరిసే రాయి, పసుపు మెరుపు చుక్కలున్న రాయి తొట్టికి వద్దు. ఆ పసుపు బంగారం కాదు, పైరైట్ కావచ్చు. నీళ్ళలో నానితే తుప్పూ ఆమ్లమూ ఇస్తుంది.

ఇహ ఎర్ర చారల రాయి. దాని పేరు ఖోండలైట్. 1902లో కలహండి ప్రాంతం సర్వే చేసిన వాకర్ అనే జియాలజిస్టు అక్కడి ఖోండుల పేరు మీద పెట్టాడు. క్వార్ట్జ్, గార్నెట్, సిలిమనైట్, అక్కడక్కడా గ్రాఫైట్. మన తూర్పు కనుమల్లో ఎక్కడ చూసినా ఇదే. సింహాచలం కొండ కూడా ఇదే. ఈ రాయి నీళ్ళకి ఎలా తట్టుకుంటుందో తెలుసుకోడానికి బకెట్ అక్కర్లేదు, కోణార్క చూస్తే చాలు.

తూర్పు గాంగులు మనవాళ్ళే. వాళ్ళ కళింగనగరం శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డునున్న ముఖలింగం. అనంతవర్మ చోడగంగు కాలంలో రాజ్యం ఉత్తరానికి పెరిగి రాజధాని కటకానికి మారింది. పూరీ జగన్నాథుడి గుడి మొదలెట్టింది ఆయనే. ఆ వంశంలోనే మొదటి నరసింహదేవుడు పదమూడో శతాబ్దంలో కోణార్క కట్టించాడు. రెండు గుళ్ళకీ ఎక్కువగా వాడింది ఖోండలైటే. చెక్కడానికి అనువుగా మెత్తగా ఉంటుంది. అదే దాని లోపం కూడా. ఫెల్డ్‌స్పార్ మట్టిగా మారుతుంది, గార్నెట్‌లోని ఇనుము తుప్పవుతుంది, ఉప్పుగాలి ఆ సందుల్లో దూరి పొరలు పొరలుగా ఊడదీస్తుంది. కోణార్కలో పెద్ద గోపురం ఎప్పుడో కూలింది. మిగిలిన జగమోహనం కూడా పడిపోతుందన్న భయంతో 1903లో బ్రిటిష్‌వాళ్ళు లోపల ఇసక నింపి తలుపులు మూసేశారు. అక్కడే గుమ్మాల దగ్గర క్లోరైట్ రాయి మీద చెక్కిన బొమ్మలు ఇప్పటికీ స్పష్టంగా ఉంటాయి, పక్కనే ఖోండలైట్ బొమ్మల ముఖాలు చెరిగిపోయాయి.

నా ఎర్రరాయి వారం రోజులు బకెట్లో నానింది. నీళ్ళు లేత టీ రంగుకొచ్చాయి, అడుగున వేలెడు మట్టి కాదుగానీ, గోరంత మందాన ఎర్రమట్టి. గోటితో గీస్తే పొడి రాలింది. విషం లేదు, కానీ తొట్టిలో పెడితే రోజూ ఆ మట్టి ఫిల్టర్‌లోకి పోతుంది. మరీ ముచ్చటైతే కొండ లోపలి నుంచి తీసిన తాజా రాయి, గోటికి లొంగనిది చూసుకోవాలి. కొండవార ఎండకీ వానకీ నాని దొరికేది కాదు. అన్నట్టు కళింగపట్నం, భీమిలి బీచుల్లో ఇసక మీద ఊదా, నలుపు చారలు చూశారా? కొండల్లోని ఇలాంటి రాళ్ళు అరిగి ఏళ్ళ మీదుగా సముద్రానికి చేరిన గార్నెట్, ఇల్మెనైట్, వాటితో మోనజైట్. ఆ ఇసక తొట్టిలోకి తేవద్దు. దాన్నిండా గవ్వల ముక్కలుంటాయి, మోనజైట్‌లో థోరియం ఉంటుంది.

గవ్వలంటే నాకో పాత పాపం ఉంది. రెండేళ్ళ క్రితం బీచ్‌లో ఏరిన గవ్వలు గుప్పెడు కడిగి తొట్టిలో పోశా. ఎనిమిది నియాన్ టెట్రాలు పది రోజుల్లో ఒక్కొక్కటే పోయాయి. గవ్వలొక్కటే కారణమని ఇప్పుడు అనను, అదే వారం నీళ్ళన్నీ ఒకేసారి మార్చిన ఘనత కూడా నాదే. కానీ టెట్రాలు మెత్తటి, కొంచెం ఆమ్లపు నీళ్ళ చేపలు. గవ్వ అంటే కాల్షియం కార్బొనేట్, నీటి కాఠిన్యాన్నీ పీహెచ్‌నీ పెంచుతుంది. మా మామ్మనడిగితే ముందే చెప్పేది. "గుల్లలు కాలిస్తే సున్నమే గదరా! సున్నం నీళ్ళలో ఏ చేప బతుకుద్ది?" అంది తర్వాత. గుల్లసున్నంతో గోడలు కట్టిన తరం అది. కాల్చని గవ్వ వేరు, సున్నం వేరు అని కెమిస్ట్రీ చెప్పబోయి ఊరుకున్నా. దారి సరైనదేగా.

తెల్లరాయి సంగతీ అంతే. అనంతగిరి, బొర్రా వైపు పాలరాయి పొరలున్నాయి. చూడ్డానికి మామూలు కొండరాయిలా గట్టిగానే ఉంటుంది, కానీ బొర్రా గుహల్ని తొలిచింది నీళ్ళే! వాన నీరు గాల్లో, మట్టిలో కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని సున్నపురాయిని కరిగించింది, కరిగినదే మళ్ళీ బొట్టుబొట్టుగా శివలింగాల్లా పేరుకుంది. కొండనే కరిగించిన నీరు నా తొట్టిలో ఊరుకుంటుందా? ఆ రాయి మీద వెనిగర్ వేస్తే మొదట ఏమీ కాలేదు. మేకుతో గీకి ఆ పొడి మీద వేస్తే సన్నగా బుడగలొచ్చాయి. అందుకే ఎప్పుడూ గీకిన పొడి మీదే వెయ్యాలి. ఈ రాయి చెడ్డదని కాదు, మోలీలు, గప్పీలు పెంచేవాళ్ళకి ఇబ్బంది లేదు. హైదరాబాదు బోరు నీళ్ళే గట్టివైనప్పుడు నాకింకా సున్నం ఎందుకు!

పగడాల కొమ్మలు షాపుల్లో ఎవరైనా చూపిస్తే కొనకండి. రాతి పగడాలన్నీ 2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేరాయి. పులికున్న రక్షణే వాటికీ ఉంది.

ఈ సరదా మొదలైన రోజుల్లోనే దీని నష్టమూ బయటపడింది. 1850 ప్రాంతంలో వారింగ్టన్ అనే కెమిస్టు, ఆ తర్వాత 1854లో తన పుస్తకంతో ఫిలిప్ హెన్రీ గాస్, ఇంగ్లండులో ఇంటింటా అక్వేరియం పిచ్చి పట్టించారు. జనం రైళ్ళెక్కి వెళ్ళి సముద్రపు రాళ్ళ గుంటలు ఊడ్చేశారు. తండ్రి పుస్తకం వల్లే ఆ తీరం పాడైందని గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో బాధపడుతూ రాశాడు. మన మద్రాసులో 1909లోనే మెరీనా మీద అక్వేరియం తెరిచారు, సరిగ్గా ఫెర్మర్ పుస్తకం వచ్చిన యేడు. నేను చంపావతిలో ఏరినవి గుప్పెడే గానీ, ఒక్కొక్కళ్ళూ గుప్పెడే అనుకుంటారు కదా.

ఆఖరికి తొట్టిలోకి వెళ్ళింది ఆ ఏటి గులకరాళ్ళే. ఎక్కువ భాగం క్వార్ట్జ్, ఏళ్ళ తరబడి ఏరే వాటిని కడిగి, కరిగేదంతా కరిగించేసి పెట్టింది. వాటికి నేను చేసిందిది. సబ్బు తగలకుండా గట్టి బ్రష్‌తో తోమా. ఒక్కొక్కదాని పొడి మీద వెనిగర్ చూశా. ఉడకబెట్టలేదు, ఓవెన్లో పెట్టలేదు. పగుళ్ళున్న రాయిలో ఇరుక్కున్న నీరు ఆవిరై రాయి టపాకాయలా పేలిన సంఘటనలున్నాయి. దాని బదులు బకెట్లో పెట్టి, వేడినీళ్ళు కొంచెం కొంచెంగా పోసి చల్లారనిచ్చా. బ్లీచింగ్ వాడాలనుకుంటే పల్చగా కలిపి, తర్వాత బాగా కడిగి, షాపులో దొరికే క్లోరిన్ విరుగుడు కలిపిన నీళ్ళలో నానబెట్టాలి. బ్లీచింగూ యాసిడూ వెనిగరూ ఒక్క బకెట్లో ఎన్నటికీ కలవకూడదు. మళ్ళీ షీలె ప్రత్యక్షమవుతాడు. తర్వాత వారం రోజులు మామూలు నీళ్ళలో నానబెట్టి, రాళ్ళు లేని రెండో బకెట్‌తో పీహెచ్, కాఠిన్యం పోల్చి చూశా. తేడా రాలేదు. పెద్దరాళ్ళని ఇసక మీద కాకుండా ముందు గాజు మీద పల్చటి స్పాంజి షీటు వేసి పెట్టి, ఆ తర్వాత ఇసక పోశా. లేకపోతే చేపలు ఇసక తవ్వినప్పుడు రాయి దొర్లి గాజుకి తగులుతుంది.

నాలుగు వారాలైంది. ఆరు గప్పీలు, రెండు నత్తలు, అందరూ క్షేమం.

తాతయ్య రాయిని నీళ్ళతో బాగా కడిగి, ఆరబెట్టి, పుస్తకాల అరలో పెట్టా. పక్కనే కోడూరైట్ అని చీటీ రాసి పెడదామనుకున్నా గానీ, అది కోడూరైట్ కాదు, మామూలు మాంగనీసు ఖనిజమే. నిన్న మామ్మ ఫోన్ చేసింది. చేపల సంగతి అడగలేదు. "ఆ రాయి ఒట్టుకెళ్ళిపోయావేటిరా? ఈది తలుపు రేతిరంతా కొట్టుకుంటంది. నానొక్కర్తినీ, నిద్ర నేదు" అంది.

వచ్చే శనివారం ట్రైనుకి టికెట్ తీశా. మూడు కిలోలకి కాస్త తక్కువ, మళ్ళీ అదే సంచీలో.